మలుపు దగ్గర అన్న మాట

ఆ ఎండాకాలం నేను కొత్త సైకిల్ కొనుక్కున్నాను. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, కాళ్ళనిండా ఉబ్బిన నరాలతో, గుట్టలెక్కే సైకిల్! మా ఆయన మూడు రోజులు నవ్వాడు. నాలుగో రోజు నా మొహం చూసి ఆపేశాడు.

ఆలోచన నాది కాదు, మా తోడికోడలిది. మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణం. వీధివైపు గదిలో ఇస్త్రీ బల్లలు, వెనకగదిలో యంత్రాలు, మేడమీద కాపురం. మగవాళ్ళిద్దరూ బయట ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కాబట్టి దుకాణం మా ఇద్దరి రాజ్యం. పద్దెనిమిదేళ్ళు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఎదురెదురు బల్లల దగ్గర నిలబడ్డాం. నిలబడి నిలబడి నా కాళ్ళు పాడయ్యాయి. నడవమన్నాడు డాక్టరు, లేదంటే సైకిల్ తొక్కమన్నాడు.

"నడక నీవల్ల కాదక్కా. దారిలో కనిపించిన ప్రతి మనిషితోనూ మాటలు పెట్టుకుంటావు. సైకిలే నయం," అంది మా చిన్నది, అదే మా తోడికోడలు. అప్పటికి ఏడాదిగా ఆమె తన కూతురి సైకిల్ వేసుకుని ఊరి చివర గుట్టెక్కి వస్తోంది. ఆ పిల్ల చదువుకోసం హాస్టల్‌కి వెళ్ళిపోయింది. నాకూ మా ఆయనకీ పిల్లల్లేరు. ఉన్న ఒక్క పిల్లా వెళ్ళిపోయాక మేడమీద నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ మిగిలాం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బట్టల మూట చేతులు మారేటప్పుడు ఇచ్చేవాళ్ళు లెక్క పైకి చెప్పాలి. "పద్నాలుగు," అంటాను నేను. "పద్నాలుగు," అంటూ ఆమె అందుకుంటుంది. కొత్తలో మూట విప్పి మళ్ళీ లెక్కపెట్టుకునేది. మూడోనెల నుంచి మానేసింది. నా లెక్క తప్పదని ఆమెకి తెలుసు. ఆ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

సైకిళ్ళ దుకాణంలో నా కన్ను అద్దాల వెనకున్న ఎర్రదాని మీద పడింది.

"అది మీది కాదమ్మా," అన్నాడు సైకిళ్ళాయన.

"ఏం, డబ్బులివ్వననుకున్నావా?"

"మీరిస్తారు. నేనే ఇవ్వను. ఏదీ, అటొక కాలూ ఇటొక కాలూ వేసి నిలబడండి చూద్దాం."

నిలబడ్డాను. నా మడమలు నేలకి ఆనలేదు.

"చూశారా! పాదాలు రెండూ పూర్తిగా ఆనాలి. మీకూ ఈ కడ్డీకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. ఇలా మునివేళ్ళ మీద నిలబడితే గుట్ట మీద మొదటి రాయికే పడతారు," అని లోపల్నుంచి ఇంకోటి తెచ్చాడు. అది నాకు అమిరింది. రంగు మాత్రం బురదరంగు.

"తొక్కినా తొక్కకపోయినా మాసినట్టే ఉంటుంది. ఉతికిచ్చేవాళ్ళ ఇంట్లో ఇది ఉంటే మన దుకాణానికి ఎవరొస్తారు?" అని మా చిన్నది పకపకా నవ్వింది. బురదరంగుదే కొన్నాను.

సైకిళ్ళాయన నన్ను ఊరికే వదల్లేదు. బ్రేకులు రెండు వేళ్ళతో ఎలా పట్టుకోవాలో చూపించాడు. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే సైకిల్ ఆగిపోతుందనీ, నేను మాత్రం ఆగననీ చెప్పాడు. డబ్బు లెక్కపెట్టుకున్నాక కూడా తలుపు దగ్గర నిలబెట్టి చెప్పాడు.

"గుట్ట మీద దారి ఒక్కటేనమ్మా. నడిచేవాళ్ళూ దానిమీదే, మీరూ దానిమీదే. నడిచేవాళ్ళదే ముందు. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి దారివ్వాలి. మలుపు రాకముందే గంట కొట్టండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే, ముందున్నవాళ్ళు ఆ పక్కకి తప్పుకున్న మనిషికి చెప్పాలి, వెనక ఇంకా ఎంతమంది వస్తున్నారో. చెప్పకపోతే, ఈ సైకిల్ వెళ్ళిపోయింది కదా అని పాపం వాళ్ళు దారిలోకి వచ్చేస్తారు."

"లెక్క చెప్పడం మా అక్కకి నేర్పుతున్నారా మీరు!" అంది చిన్నది.

మొదటి వారం నేను తొక్కింది తక్కువ, తోసుకెళ్ళింది ఎక్కువ. రెండోవారానికి సగం దాకా ఎక్కగలిగాను. నెల తిరిగేసరికి పైదాకా. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఏడున్నరకి తిరిగొచ్చి దుకాణం తెరిచేవాళ్ళం. దిగేటప్పుడు నేను ముందు, ఆమె వెనక. నేను పడితే ఎత్తడానికి తను వెనక ఉండాలని ఆమె వాదన.

గుట్ట మీద రోజూ కనిపించే మనిషి ఒకాయన ఉండేవాడు. రిటైరైన పోస్టుమాన్. డెబ్భై దాటినా నిటారుగా నడిచేవాడు. ముప్ఫై అయిదేళ్ళు ఊరంతా తిరిగిన కాళ్ళు ఇంట్లో కూర్చోనివ్వవమ్మా అనేవాడు. మూడో మలుపు దగ్గర మాకెప్పుడూ ఎదురయ్యేవాడు. సైకిల్ చప్పుడు వినగానే గుట్టవైపుకి ఒదిగి నిలబడి, "ఇవాళ ఇంకెన్ని ఉన్నాయమ్మా?" అనేవాడు, ఉత్తరాల గురించి అడిగినట్టు. "ఇంకొకటి," అనేదాన్ని నేను. మా చిన్నది కూడా దాటాక, "అన్నీ అందాయి," అని అరిచి మళ్ళీ నడక మొదలుపెట్టేవాడు. ఆ మాట వినకుండా దిగితే ఆ రోజు ఏదో తక్కువైనట్టుండేది.

అయిదోవారంలో ఒక పొద్దున గుట్టపైన రాతి మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాం. మా చిన్నది సీసా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"అక్కా, నెలాఖరుకి మేం మారిపోతున్నాం. ఆయన పనికి దగ్గర్లో ఇల్లు చూశాం. రోజూ మూడు గంటలు బస్సుల్లోనే అయిపోతోంది ఆయనకి. నడుం పోతోంది."

"చూశాం అంటే? ఎప్పుడు చూశారు?"

"నెలైంది. నీకెలా చెప్పాలో తెలీక... బావగారికి చెప్పాను."

మా ఆయనకి చెప్పిందట! నెలరోజులు అతను నాతో కూర్చుని తిన్నాడు, పడుకున్నాడు, ఒక్క ముక్క నోరు జారలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి దుకాణం?" అన్నాను. "ఎవరినైనా కుదుర్చుకుందాం అక్కా. నేను వాళ్ళకి అన్నీ నేర్పించే వెళతాను," అంది. మనిషిని కుదుర్చుకోవడమట. పద్దెనిమిదేళ్ళ మనిషికి బదులు మనిషిని.

లేచి సైకిలెక్కాను. "అక్కా, ఆగు, హెల్మెట్ పట్టీ పెట్టుకోనీ," అంటోంది వెనక నుంచి. ఆగలేదు. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి పైన గులకరాళ్ళ మీద ఆమె చక్రాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మలుపులో పోస్టాయన ఒదిగి నిలబడి ఉన్నాడు.

"ఇవాళ ఇంకెన్ని ఉన్నాయమ్మా?"

"ఎవరూ లేరు. మీరు నడవండి," అన్నాను.

ఆమె వస్తోందని నాకు తెలుసు. మరిచిపోయి అన్నది కాదు, పొరపాటున అన్నదీ కాదు. ఆ క్షణంలో ఆమె ఊసు నా నోట రావడం నాకిష్టం లేకపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వెతుక్కున్నా ఇంతకంటే పెద్ద కారణం నాకు దొరకలేదు.

ఇరవై గజాలు కూడా వెళ్ళి ఉండను. వెనక ఇనుము రాతికి తగిలిన చప్పుడు, ఆ వెంటనే మా చిన్నది కేక. సైకిల్ అక్కడే పడేసి పరిగెత్తాను. పోస్టాయన దారికి అడ్డంగా పడి ఉన్నాడు. కుడికాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. కళ్ళు తేలేస్తున్నాడు. మా చిన్నది ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "తాతగారూ, తాతగారూ," అంటోంది. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది, ఆ సంగతే ఆమెకి తెలీదు.

కింద గేటు దగ్గరుండే కాపలాదారు వచ్చాడు, ఆంబులెన్సుకి ఫోన్ చేశాడు. పుస్తకం తీసి ఏం జరిగిందో చెప్పమన్నాడు.

"నాదేనండీ తప్పు," అంది మా చిన్నది. "గంట కొట్టలేదు నేను. అక్క ముందుంది, చెప్పే ఉంటుంది, ఆయన ఒదిగే ఉంటారు అనుకుని వచ్చేశాను."

కాపలాదారు నావైపు తిరిగాడు. "మీరు చెప్పలేదా అమ్మా?"

"చెప్పాను. ఇంకొకరు వస్తున్నారని చెప్పాను."

అతను రాసుకున్నాడు. మా చిన్నది తలవంచుకుని ఏడ్చింది. నా మాట మీద ఆమెకి అనుమానం రాలేదు.

పోస్టాయనకి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ఇనుప కడ్డీ వేశారు. ఆయన్ని ఇంటికి తెచ్చాక మా చిన్నది రోజూ మధ్యాహ్నం వెళ్ళి రెండు గంటలు కూర్చుని వచ్చేది. ఆయన బట్టలు, పక్కదుప్పట్లు మా దుకాణానికే తెచ్చి ఉతికేది. ఒక సాయంత్రం బల్ల దగ్గర నిలబడి, తల ఎత్తకుండా చెప్పింది.

"ఇల్లు వద్దని చెప్పేశాం అక్కా. తాతగారు తన కాళ్ళ మీద లేచి నడిచేదాకా నేనెక్కడికీ వెళ్ళను. అసలీ పరిస్థితిలో నువ్వు పక్కన లేకపోతే నేనేమైపోయేదాన్నో!"

సంతోషించాను. సిగ్గు లేకుండా సంతోషించాను. ఆ పూట తలనొప్పి వంక పెట్టి మేడెక్కి, తలుపు వేసుకుని, మంచం మీద కూర్చుని హమ్మయ్య అనుకున్నాను. ఏ మాట అయితే అన్నానో ఆ మాట నాకు కావలసింది తెచ్చిపెట్టింది. అది తెలిసీ నోరు మూసుకున్నాను.

కానీ మా చిన్నది మునుపటి మనిషి కాలేదు. పిల్ల సైకిల్ వెనకగదిలో గోడకి తిప్పి పెట్టింది. ఎప్పుడూ లేనిది ఒక తెల్లచొక్కా కాలర్ మాడ్చింది. తాను లెక్కపెట్టిన మూటే మళ్ళీ విప్పి లెక్కపెట్టుకునేది, కట్టి, మళ్ళీ విప్పేది. "ఎన్నిసార్లే?" అంటే, "నా మీద నాకే నమ్మకం పోయిందక్కా," అనేది. అప్పుడైనా చెప్పాల్సింది. రేపు చెబుదాం అనుకునేదాన్ని. రేపటికి ఇంకో రేపు ఉండేది.

పోస్టాయన్ని చూడడానికి నేను వెళ్ళలేదు. పని ఉంది, కాళ్ళు నొప్పి, యంత్రం బాగుచేసేవాడు వస్తానన్నాడు, ఇలా అయిదు వారాలు లాగాను. ఆరోవారం మా చిన్నది నా చేతిలోంచి ఇస్త్రీపెట్టె లాక్కుంది. "ఆయన నిన్ను అడుగుతున్నారక్కా. ఇవాళ రావాల్సిందే."

ఆయనది రెండు గదుల ఇల్లు. కూతురు సెలవు పెట్టి వచ్చి ఆయన్ని చూసుకుంటోంది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు నాలుగు కాళ్ళ ఊతకర్ర. మనిషి సగమయ్యాడు. పక్కన స్టూలు మీద కాగితాలు, పెన్సిలు. ప్రతి కాగితం మీదా గడియారం బొమ్మలే, గుండ్రంగా, అంకెలన్నీ చక్కగా వేసి.

"డాక్టరు వేయమన్నాడమ్మా," అన్నాడాయన నేను చూడడం చూసి. "పదీ పది అయినట్టు ముళ్ళు పెట్టమన్నాడు. పెట్టాను. మళ్ళీ వారం రమ్మన్నాడు, అందుకని ముందే వేసి చూసుకుంటున్నా."

కూతురు నన్ను వంటగది గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది. "పడ్డప్పటి నుంచీ ఒకటే మాటండీ. వెనక ఎవరూ లేరు, నడవండి అని తనకి చెప్పారట. మీరేమో ఇంకొకరు వస్తున్నారని చెప్పానంటున్నారు, అక్కడ పుస్తకంలోనూ అలాగే ఉంది. తలకేమైనా తగిలిందా అని స్కాన్ తీయించాం, ఏమీ లేదు. వయసు కదా, మతిమరుపు మొదలవుతోందేమో అని ఆ గడియారాలు వేయించి చూస్తున్నారు. ఇంకెలాగండీ ఒంటరిగా వదిలేది? తాళాలు తీసేసుకున్నాను. ఈ ఇల్లు ఖాళీ చేయించి నాతో తీసుకెళ్ళిపోతా. బయటికి మాత్రం పంపేది లేదు."

ఆమె తండ్రి మీద ప్రేమతోనే అంటోంది. నేను తిరిగొచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. మా చిన్నది పక్కన పీట మీద కూర్చుని కమలాపండు ఒలుస్తోంది.

"మీరే అన్నట్టు గుర్తమ్మా నాకు," అన్నాడాయన మెల్లగా, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "మీ గొంతే వినిపిస్తుంది. కానీ మీరెందుకంటారు? రోజూ సరిగ్గా చెప్పే మనిషి. అంటే నా బుర్రే పోయిందన్నమాట. రాత్రీ పగలూ పాత ఇళ్ళ నెంబర్లు చదువుకుంటున్నా, ఏ వీధిలో ఎవరుండేవాళ్ళో. అన్నీ వస్తున్నాయి. అయినా ఇదొక్కటీ తప్పంటున్నారు. ఇది తప్పైతే అవన్నీ కూడా తప్పేనేమో, ఎవరికి తెలుసు? కాలుదేముందమ్మా, అతుక్కుంటుంది..." అని ఆగి, కాగితాలు సర్దుకున్నాడు.

"మీ బుర్ర బాగానే ఉంది," అన్నాను. "ఎవరూ లేరని నేనే అన్నాను."

మా చిన్నది చేతిలో పండు అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. తను వెనకే వస్తోందని నాకు తెలుసు. తెలిసే అలా అన్నాను. తర్వాత అబద్ధం చెప్పాను."

ఆయన నన్ను తిట్టలేదు. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగాడు. "ఏమన్నారో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఎవరూ లేరు, మీరు నడవండి."

"మీరు నడవండి!" అన్నాడు. "అవును. అదే అన్నారు, మీరు నడవండి అని కూడా అన్నారు!" ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. "అమ్మాయ్, ఇలా రా! పని తర్వాత, ముందిలా రా!" అని కూతుర్ని కేకేశాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇంకోసారి చెప్పండమ్మా, మా అమ్మాయి వినాలి," అన్నాడు నాతో. ఆమె మొహంలోకి చూస్తూ రెండోసారి చెప్పాను. అదే కష్టమైంది. ఆమె నన్ను ఎన్ని మాటలు అనాలో అన్నీ అంది. పడ్డాను. అనడం అయ్యాక లోపలికెళ్ళి, తాళాలగుత్తి తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది.

మా చిన్నది తొనలన్నీ పీచు తీసి పళ్ళెంలో సర్ది, ఆయన చేతికి అందేలా పెట్టి లేచింది. "వస్తాను తాతగారూ," అంది. దారిలో నాకంటే పదడుగులు ముందు నడిచింది.

మర్నాడు నేను గుట్ట దగ్గరికి వెళ్ళి కాపలాదారుతో పుస్తకంలో మార్చి రాయించాను. ఏడాదిపాటు సైకిల్‌తో అటు రావద్దన్నాడు. సరేనన్నాను. మా ఆయన విషయం విని, "నేనైనా నీకు ముందే చెప్పి ఉండాల్సింది," అన్నాడు. అది ఆయన మంచితనం. నా తప్పు నాదే.

మా చిన్నది నాలుగు రోజులు తన బల్ల దగ్గరే నిలబడింది. నేను మూట ఇచ్చి లెక్క చెబితే అందుకునేది, విప్పి లెక్కపెట్టుకునేది. కాలర్లు మాడ్చలేదు. మూటలు రెండోసారి విప్పలేదు. అయిదోరోజు మా మరిది వ్యాన్ తెచ్చాడు. ఇంకో ఇల్లు దొరికిందట, మొదట చూసినదానికంటే దూరం. వాళ్ళ మంచం, బీరువా, పిల్ల పుస్తకాల పెట్టెలు దిగిపోయాయి. ఆఖర్న ఆమె దుకాణంలోకి వచ్చి తన యాప్రాన్లు మడిచి పరుపు చుట్ట మీద పెట్టుకుని, ఆ చుట్ట రెండు చేతులా ఎత్తుకుంది.

"నిజం చెప్పి మంచి పని చేశారు. పాపం ఆయన నిన్న గుమ్మం దాకా నడిచారు," అంది. పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ నన్ను మీరు అని ఎరగదు.

"నీకు ముందే చెప్పాల్సింది," అన్నాను. "చెబితే వెళ్ళిపోతావని భయపడ్డానే."

"వెళ్ళిపోయేదాన్నే," అంది. "కానీ ప్రతి ఆదివారం వచ్చేదాన్ని."

రెండు చేతులూ పరుపు చుట్టకే సరిపోయాయి ఆమెకి. నేను వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాను.